మాస్టారు అడగని పేరు

మా ఇంట్లో "వాడొచ్చాడా?" అని అడగడానికి లేదు. "వాడంటే ఎవడు?" అని వరండాలోంచి కేక వస్తుంది. ఆ కేక మా ఆయన జీవానందం గారిది. గుడివాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు బందరులో మా వరండాలో ట్యూషన్లు చెబుతున్నారు. ఊరంతా మాస్టారు అంటుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. మొగుడని గుర్తు చేసుకునేంత తీరిక ఆయన నాకెప్పుడూ ఇవ్వలేదు.

గ్రామరంతా ఆయనకి ఇష్టమే గానీ, ప్రొనౌన్లంటే ప్రాణం. పేరుకు బదులుగా హీ, షీ, ఇట్, దే అంటాం కదా, అవి. అవి ఏ పేరుకు బదులు వచ్చాయో ఆ పేరుని యాంటిసిడెంట్ అంటారట. ముందు పేరు చెప్పాలి, ఆ తర్వాతే హీ అనాలి. ఒక్కరైతే హీ, నలుగురైతే దే. ఎవ్రీబడీ అంటే ఊరంతా వచ్చినా గ్రామరులో ఒక్కరి కిందే లెక్క. పిల్లలకి ఈ రూల్సు ఎంతవరకు ఎక్కాయో తెలీదు గానీ, వంటింట్లో పోపు పెట్టుకునే నాకు మాత్రం కంఠతా వచ్చేశాయి. ఒకసారి ఉండబట్టలేక, "ఇట్ ఈజ్ రెయినింగ్ అంటారు కదండీ, అందులో ఇట్ ఎవరు? దాని పేరేది?" అని అడిగాను. "అది మినహాయింపు" అన్నారు. మినహాయింపులెప్పుడూ రూలు పెట్టినవాళ్ళకే దొరుకుతాయి.

పాలు పోసే ఏసుబాబు ఒకరోజు ఆలస్యంగా వచ్చి, "ఆయన దాన్ని కట్టెయ్యడం మర్చిపోయాడండి, అది తాగేసిందండి" అన్నాడు.

"ఆయనెవరు? దాన్నంటే దేన్ని? అదంటే ఏది?" అన్నారు మాస్టారు.

"మా నాన్నండి. దూడనండి. దూడేనండి."

"మరి ముందే దూడ అని చెప్పొచ్చుగా?"

"పాలోణ్ణి, మీతో దూడ గురించి కాక ఇంకేం మాట్లాడతానండి?" అన్నాడు వాడు. మాస్టారు ఆ మాట వినిపించుకోలేదు. ఆ పూట కాఫీ తాగేసరికి ఎండెక్కింది.

ఇంతటి మనిషికి ఒక ప్రొనౌన్ ఎదురొచ్చింది. మా అమ్మాయి జెనిఫర్ గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. రోజూ బందరు నుంచి రైల్లో వెళ్ళొస్తుంది. పోయిన వర్షాకాలం నుంచి దాని మాటల్లోకి ఒక "తను" వచ్చి చేరాడు. "తను సీటు ఆపాడు మమ్మీ." "తను చెప్పాడు, ఆ ట్యాబ్లెట్లు వేసుకుంటే గ్యాసు పట్టేస్తుందంట." "ఈ చున్నీ వాళ్ళ షెడ్డులో అద్దిందే, తను ఇచ్చాడు." చున్నీ మీద నెమళ్ళు వచ్చాయి. నెమళ్ళ తర్వాత మామిడిపిందెలొచ్చాయి. దూడ దగ్గర కూడా పేరు అడిగిన మాస్టారు ఈ "తను" దగ్గర మాత్రం పేపరు కాస్త పైకెత్తుకున్నారు. ఎవరతను అని ఒక్కసారి అడిగితే ఒట్టు.

నాకు పిల్ల అన్నీ చెప్పింది. పేరు నాగవంశీ, ఊరు పెడన. వాళ్ళ నాన్నది కలంకారీ అద్దకాల షెడ్డు. అబ్బాయి గుడివాడ కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఆదివారాలు షెడ్డులో నిలబడి తండ్రితో పాటు బట్ట మీద అచ్చులు వేస్తాడు. ఒకసారి పెడన స్టేషన్లో చూశాను. గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్ర రంగుంది. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడే నచ్చేశాడు నాకు.

మాస్టారికి పేరెందుకు అక్కర్లేదో నాకు తెలుసు. ఆ పేరు వింటే చాలు, మన చర్చి వాళ్ళ పిల్లాడు కాదని తెలిసిపోతుంది. ఊరు, తండ్రి పని కూడా తెలిస్తే ఇక దాచుకోవడానికేమీ మిగలదు. మా చర్చిలో కులం లేదు లెండి. ప్రభువులో అందరూ ఒక్కటేనని గోడ మీద పెద్దక్షరాలతో రాసుంది. కొత్తవాళ్ళొస్తే ప్రేమగా చెయ్యి కలిపి, ఇంటిపేరేంటని మాత్రం అడుగుతారు.

ఒక సాయంత్రం జెనిఫరే ధైర్యం చేసింది. "డాడీ, తను అంటే నాగ..."

"ఆ పేరు ఈ ఇంట్లో వద్దు."

"పేరు లేకుండా ప్రొనౌన్ వాడకూడదని మీరే కదండీ..." అన్నాను నేను.

"ప్రేమా, ఇది గ్రామరు కాదు" అని నా పేరు పెట్టి కసిరి, లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన నోటి నుంచి ఫలానాది గ్రామరు కాదన్న మాట రావడం అదే మొదలు.

పిల్లలు రిజిస్టరు పెళ్ళికి తేదీ పెట్టుకున్నారు, వచ్చే నెల పదో తారీఖు. "డాడీ రాకపోయినా పెళ్ళి ఆపను మమ్మీ. కానీ ఆ రోజు ఫొటోల్లో నవ్వలేను" అంది జెనిఫర్. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఆదివారం చర్చి అయ్యాక కూర్చోబెట్టి అడుగుదామనుకున్నాను. ఆయన నాకంటే ముందే మొదలుపెట్టేశారు.

మా చర్చిలో పాటలయ్యాక ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఎవరి కష్టం వాళ్ళు లేచి చెబితే పాస్టరు గారు అందరి తరఫునా ప్రార్థన చేస్తారు. ఆపరేషన్లకీ పరీక్షలకీ పేర్లు చెబుతారు. పరువు సంగతులకి మాత్రం "ఒక కుటుంబం" అనో "ఒక సహోదరుడు" అనో అని, "దేవుడికి తెలుసు" అని ముగిస్తారు. దేవుడితో పాటు చర్చంతటికీ తెలుసు. మధ్యాహ్నం భోజనాల వేళకి పక్కూరు గూడూరులో కూడా తెలుస్తుంది.

మాస్టారు మగవాళ్ళ వైపు నుంచి లేచారు. "ఒక బిడ్డ దారి తప్పుతోంది. అతను ఆమెను మన విశ్వాసంలోంచి లాక్కుపోతున్నాడు. అతని చేతిలోంచి ఆమెకు విడుదల కలగాలని ప్రార్థించండి" అని కూర్చున్నారు.

అన్ని మాటల్లో ఒక్క పేరు లేదు. ట్యూషన్లో ఏ పిల్లాడైనా ఇలా రాసుంటే ఎర్ర సిరా పారించేవారు. చర్చిలో తలలన్నీ కీబోర్డు వైపు తిరిగాయి. అది వాయించేది మా జెనిఫరే. తల దించుకుని కీబోర్డు కీల వంకే చూస్తోంది, చెవులు ఎర్రబడ్డాయి. పిల్లని అలా నలుగురి మధ్యా నిలబెట్టాడే ఈ మనిషి అని నాకు ఒళ్ళు మండిపోయింది. చాప మీద నుంచి లేవాలంటే ఎప్పుడూ ఎవరో ఒకరు చెయ్యి అందించాలి నాకు. ఆ రోజు ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది.

"అయ్యగారూ, మాస్టారు పేర్లు చెప్పడం మర్చిపోయారండి. ఆమె అంటే మా జెనిఫర్. అతను అంటే నాగవంశీ. పెడనలో అద్దకం వాళ్ళ అబ్బాయి. ఎవరూ ఎవర్నీ లాక్కుపోవట్లేదండి, పదో తారీఖున పెళ్ళి చేసుకుంటున్నారు. పిల్లలిద్దరి కోసం ప్రార్థన చెయ్యండి. వాళ్ళ డాడీ కోసం కూడా చెయ్యండి. ఆయనకి పెళ్ళికి రావాలనే ఉందండి, పౌరుషం అడ్డొస్తోంది."

నా వెనక నుంచి రత్నరాజు గారి భార్య, "ఇంటిపేరేంటంట?" అని పక్కావిడ చెవిలో అడిగింది.

పాస్టరు శ్యామ్ సుందర్ గారు తటపటాయిస్తూనే ఇద్దరి పేర్లూ పైకి చెప్పి ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నారందరూ. ఆ చర్చిలో అందరికంటే గట్టిగా వినిపించే ఆమేన్ మాస్టారిది. ఆ రోజు అది వినపడలేదు.

బయటికొచ్చేసరికి మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. జనం పక్కనుంచి వెళ్ళిపోతున్నారు, పలకరించే ధైర్యం ఎవరూ చెయ్యట్లేదు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. తిడతారనుకున్నాను.

"పదో తారీఖు ట్యూషనుంది నాకు" అన్నారు.

"మానేయండి."

"ఊరికే మానేస్తే పిల్లలు అడగరా?"

"అడుగుతారు. అమ్మాయి పెళ్ళని చెప్పండి."

జెనిఫర్ కీబోర్డు సంచీ భుజాన వేసుకుని వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగింది. ఆయన దాని మొహంలోకి చూడకుండా, ఎదురుగా రోడ్డు మీదకి చూస్తూ అడిగారు.

"నాగవంశీకి నేనంటే భయమా?"

"భయమే డాడీ."

మాస్టారు తలూపారు. "నాకూ అతనంటే భయమేనమ్మా" అన్నారు.

జెనిఫర్ సంచీ కింద పెట్టి, మెట్టు మీద తండ్రి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. చర్చి గేటు వేసెయ్యాలని వాచ్‌మన్ వచ్చాడు. ఇంకాసేపు ఆగమని చేత్తోనే చెప్పాను.