బంతిలో శ్లోకం

పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవాలంటే నేను చల్లపల్లిలో పెదనాన్న ఇంట్లో ఉండాలి. మా ఊరి నుంచి రోజూ వెళ్లి రావడానికి బస్సు లేదు. పెదనాన్న బసవపున్నయ్య సరేనంటే చదువు, లేకపోతే లేదు. కొత్త డాబా గృహప్రవేశం నాడు అడుగుదామని నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

భోజనాల బంతిలో నాన్న పక్కన కూర్చున్నాను. విస్తళ్లలో అన్నీ వడ్డించారు. ఎవరైనా శ్లోకం చెప్పి, అందరూ గోవిందా అన్నాకే అన్నం కలపడం ఆ ఇంటి పద్ధతి. ఎదుటి వరసలో మా బడి సంస్కృతం మాస్టారు వెంకటప్పయ్యగారు ఉన్నారు. శ్లోకానికి తప్పు అర్థం చెబితే ఊరుకునే మనిషి కాదు.

"ఏమే రామతులసీ! చదువుతానంటున్నావంటగా. ఒక సుభాషితం చెప్పు, తాత్పర్యంతో సహా. బాగా చెప్పావంటే ఇక్కడే ఉండి చదువుకుందువుగాని" అన్నాడు పెదనాన్న.

"దానికి నోరెక్కడ పెగుల్తుందండీ, కోడిపిల్ల!" అని ఎవరో నవ్వారు.

మాస్టారు నేర్పినవాటిలో ఒక్కటీ గుర్తు రాలేదు. ఎప్పుడో పుస్తకంలో చదివిన శ్లోకమొకటి నోటికి అందితే పట్టుకుని కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. మూడో పాదంలో దాని అర్థం తట్టింది. అది ఆ ఇంట్లో చెప్పదగ్గది కాదు. బంతిలో ఎత్తుకున్న శ్లోకం మధ్యలో ఆపకూడదు. పూర్తి చేశాను.

"గోవిందా!" అన్నారంతా.

"మరి తాత్పర్యం?" అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ సుబ్బరత్నం నెయ్యిగిన్నెతో నా ముందే నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ వచ్చినవాళ్లందరి మీదా కసురుకుంటూనే ఉంది. "తెమలవే, నెయ్యి పేరుకుపోతోంది" అంది.

ఇంకేదైనా అర్థం కల్పించి చెబుదామనుకున్నాను. మాస్టారు నన్నే చూస్తున్నారు.

"కసురుకుంటూ వడ్డించిన అన్నం అతిథి ఆకలి తీర్చదు, అతని ఆయుష్షు తింటుంది" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. అందరికీ వినపడింది.

నాన్న తల దించుకున్నాడు. పెదనాన్న మెల్లగా పెద్దమ్మ వైపు తిరిగాడు. "దీన్ని ఉంచుకుందామా వద్దా, నువ్వే చెప్పు."

పెద్దమ్మ నా అన్నం మీద గరిటెడు నెయ్యి పోసింది. ఇంకో గరిటె పోసింది.

"ఆదివారం పెట్టె తెచ్చుకో. తెల్లారకముందే నాతోపాటు లేవాలి. ఆ కసురు ఎక్కణ్ణించి వస్తుందో పొయ్యి దగ్గర నీకే తెలుస్తుంది."

బంతంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. చదువు దక్కింది కానీ నేనింకా అన్నం కలపలేదు.

"తిను" అంది పెద్దమ్మ, అక్కణ్ణించి కదలకుండా.