నూటికి నూరు పసుపు

టీచర్ శిక్షణలో ఇది నా చివరి ఏడు. పరీక్షలన్నీ ఎలాగో గట్టెక్కాను. మిగిలింది ఒక్కటే, చివరి పాఠం. నేను ఐదో తరగతికి లెక్కలు చెబుతుంటే మా కాలేజీ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని మార్కులేస్తుంది. అందులో తప్పితే ఏడాదంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఆవిడకి మా బ్యాచ్ పెట్టిన పేరు కత్తెర. ఎంత బాగా చెప్పినా మార్కులు కత్తిరించకుండా వదలదు.

నాకు మాత్రం బెంగ లేదు. నా దగ్గర ట్యాబులున్నాయి. తెర మీద ప్రశ్న పడుతుంది. పిల్లలు తమ ట్యాబుల్లో నాలుగు రంగుల్లో ఒకటి నొక్కుతారు. ఏ రంగుకి ఎంతమందో చూపే పట్టీలు తెర మీద చకచకా పైకి లేస్తాయి. ఎరుపు ఎప్పుడూ 'తెలియదు'కే. శిక్షణ కోసం నన్ను వేసిన బడిలో అడుగుపెట్టాక ఎర్ర పట్టీ ఒక్కసారీ లేవలేదు. ప్రతి ప్రశ్నకీ నూటికి నూరు సరైన జవాబులే. ఇంట్లో ఈ గొప్ప చెప్పుకోని పూట లేదు.

మా పిన్ని కూడా టీచరే. నా సొంత డప్పు విని విని ఆవిడకి విసుగొచ్చింది.

"ఒక్కడు కూడా తప్పు చెప్పలేదా? నా క్లాసులో రెండు రెళ్ళు నాలుగంటే కూడా ఒప్పుకోనివాళ్ళు ఇద్దరుంటారే!"

"నీకు కుళ్ళు పిన్నీ."

"కుళ్ళేంటే? అన్నీ వచ్చేసిన పిల్లలకి ఇంక నువ్వెందుకు మరి?"

పిన్ని మాట చెవిన పెడితే నేను నేనెందుకవుతాను?

పాఠం రోజు వచ్చింది. కత్తెర మేడమ్ పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టక అవస్థపడుతూ కూర్చుంది. భిన్నాలు మొదలుపెట్టాను. తొలి ప్రశ్నలు హాయిగా దాటిపోయాయి. తర్వాతది: మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? మూడో వంతుకి ఆకుపచ్చ, నాలుగో వంతుకి పసుపు, సమానమంటే నీలం.

ముందు బెంచీలో మెరుపు అని ఒక పిల్ల ఉంది. ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తుతుందని తోటివాళ్ళే ఆ పేరు పెట్టారు. అది టక్కున నొక్కింది. తెర మీద పసుపు పట్టీ తలెత్తింది. ఎందుకో ఆ క్షణాన నేను తెర వదిలి పిల్లల వైపు చూశాను. అందరి వేళ్ళూ గాల్లో ఉన్నాయి. అందరి కళ్ళూ తెర మీద ఉన్నాయి. పసుపు లేచీ లేవగానే వేళ్ళన్నీ టపటపా దిగాయి. నూటికి నూరు పసుపు. నూటికి నూరు తప్పు.

ఇన్నాళ్ళూ నేను పాఠం చెప్పింది మెరుపొక్కదానికేనన్నమాట! పోనీ నెపం యంత్రం మీదికి నెట్టేద్దామంటే అదీ కుదరదు. అందరూ నొక్కేదాకా పట్టీలను దాచిపెట్టే వీలు అందులో ఉంది. లేస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయని దాన్ని తీసేసింది సాక్షాత్తూ నేనే.

మేడమ్ తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. నా వేలు 'తర్వాతి ప్రశ్న' మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే గండం గడిచిపోతుంది. ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. ఇంతలో మూడో బెంచీలో ఒక బొద్దు పిల్లాడు పక్కవాడి వీపు తట్టి, గెలిచినట్టు నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు చెయ్యాడలేదు.

"నువ్వు పసుపెందుకు నొక్కావురా?" అని అడిగాను.

"అందరూ నొక్కారు కదా టీచర్!"

ఎంత ధీమాగా చెప్పాడో.

పట్టీలు దాచేసి అదే ప్రశ్న మళ్ళీ వేశాను. ఎవరూ నొక్కలేదు.

"టీచర్, రంగులు రావట్లేదు!"

"రావు. ఈసారి ఎవరి బుర్ర వాళ్ళదే."

గుసగుసలు, నిట్టూర్పులు, గోళ్ళు కొరుక్కోవడాలు అయ్యాక చివరికి అందరూ నొక్కారు. తెరిచి చూస్తే అన్నిటికంటే పొడుగ్గా ఎర్ర పట్టీ నిలబడింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆకుపచ్చ మాత్రం బారెడంత ఎరుపు పక్కన బెత్తెడే ఉంది.

"ఆకుపచ్చ ఎవరు?"

కొన్ని చేతులు భయంభయంగా లేచాయి. కిటికీ పక్క పిల్లని అడిగాను, "ఇందాక కూడా నీకు తెలుసా?"

"తెలుసు టీచర్. అందరూ పసుపంటుంటే నాదే తప్పేమో అనుకున్నా."

"ఎలా తెలుసు?"

"మా ఇంట్లో నలుగురం పిల్లలం. కేకు కోస్తే నాకెప్పుడూ చిన్న ముక్కే. అక్క ఊరెళ్ళినప్పుడు కాస్త పెద్దదొస్తుంది."

మెరుపు ఊరుకుంటుందా? "మూడు కంటే నాలుగు పెద్దది కదా!" అని లేచింది. అంతే, తరగతి రెండుగా చీలిపోయింది. కాగితాలు మడిచారు, చించారు, ముక్క మీద ముక్క పెట్టి కొలిచారు. బొద్దు పిల్లాడు కూడా గొంతు చించుకుని వాదించాడు. ఆ గోలలోనే గంట మోగింది. నేను రాత్రుళ్ళు కూర్చుని చేసిన స్లయిడ్లు సగం అలాగే ఉండిపోయాయి.

పిల్లలు వెళ్ళాక చేతులు కట్టుకుని మేడమ్ ముందు నిలబడ్డాను.

"పాఠం సగమే అయింది. అందుకు మార్కులు తీసేశాను," అంది కత్తెర.

"తప్పానా మేడమ్?"

"తప్పితే మిగతా సగం ఎవరు చెప్తారమ్మా? పాసయ్యావులే."

ఆవిడ పెన్ను బ్యాగులో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నా పక్కన ఒక ట్యాబు ఖాళీగా ఉంటే ఊరికే సరదాకి తీసుకున్నా. ఇందాక ఆ ప్రశ్నకి నేనూ పసుపే నొక్కాను."

"మీరా మేడమ్?"

"తెలియక కాదమ్మా. అంతమంది నొక్కుతుంటే నా మీద నాకే అనుమానం వచ్చింది."