పన్నెండు మందికి సరిపడా గాలి

వదిన కోర్టు దగ్గర టైపిస్టు. పదకొండేళ్లుగా అదే కుర్చీ, అదే మిషను. పగలంతా అద్దె తగాదాలూ గోడ తగాదాలూ అన్నదమ్ముల పంపకాలూ కొట్టి కొట్టి, ఇంటికొచ్చేసరికి వేళ్ల కణుపులు ఉబ్బి ఉండేవి. వచ్చి మొహం కడుక్కుని కాస్త టీ తాగాక మరిది పని మొదలయ్యేది.

మరిది టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మెకానిక్కు. ఇళ్లలోకి కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. పలకంత పెట్టె, దాని మీద రబ్బరు మీటలు. టీవీకి తగిలిస్తే అక్షరాలు కనిపిస్తాయి, టేపు రికార్డరుకి తగిలిస్తే క్యాసెట్టులోంచి ప్రోగ్రాము కీచుమంటూ లోపలికి పోతుంది. మరిదికి అదొక పిచ్చి. అదే పిచ్చి ఉన్నవాళ్లు ఊరూరా కలిపి నూట ఇరవై మంది తేలారు. సంఘం పెట్టారు, నెలకో పత్రిక పెట్టారు. పత్రికనిండా సభ్యులు సొంతంగా రాసుకున్న ఆటలే, అవీ చాలావరకు అంతరిక్షం ఆటలే. ఆటను వరసకో నంబరు వేసి అచ్చొత్తితే, చదివినవాడు ఇంట్లో కూర్చుని ఒక్కో వరసా మీటల మీద కొట్టి ఎక్కించుకోవాలి. ఎక్కించుకున్నవాడు క్యాసెట్టు మీదకి దించి స్నేహితుడికిస్తాడు, ఆ స్నేహితుడు ఇంకొకడికి.

అచ్చుకి ముందు ఎవరో ఒకరు స్టెన్సిలు కొట్టాలి కదా. ఆ ఎవరో ఒకరు వదిన. సంఘం మొత్తానికీ ఆవిడ వదినగారే. ఉత్తరాల చివర 'వదినగారికి నమస్కారాలు' అని రాసేవారు, ఆవిడ మొహం ఎవరూ చూడకపోయినా.

స్టెన్సిలు కొట్టడం మామూలు టైపు కాదు. రిబ్బను పక్కకి తప్పించి, ఉత్తి అచ్చులతో మైనపు కాగితాన్ని తూట్లు పొడవాలి, ఆ తూట్లలోంచే సిరా దిగి ప్రతులు అచ్చవుతాయి. తప్పు పడితే ఎర్రమందు పూసి, ఆరేదాకా ఊది, మళ్లీ కొట్టాలి. భర్త నూలు మిల్లులో షిఫ్టు మనిషి, సాయంత్రాలు పడుకుంటాడు. ఆయన నిద్ర చెడకుండా వదిన ఇంట్లో ఉన్న పాత మిషను కింద దుప్పటి మడతపెట్టేది. పైగా పత్రికంతా ఇంగ్లీషు, ఆ మిషనులో ఒకటి అంకె లేదు. చిన్న ఎల్ అక్షరమే ఒకటి అనుకోవాలి.

ఆ ఏడు కెప్టెన్ పంపిన ఆట పేరు 'మంచు ఓడ'. కెప్టెన్ అంటే సంఘంలో పెద్దపేరు. చేత్తో రాసి పంపుతాడు, కింద కెప్టెన్ అని సంతకం. ఎవరూ చూడలేదు గాని, ఒకప్పుడు విమానాలు నడిపాడని కొందరూ, ఓడలు నడిపాడని కొందరూ చెప్పుకునేవారు. ఆట ఏమిటంటే, ఎక్కడో ఒక గ్రహం మీద నీళ్లు అయిపోయాయి. పన్నెండు మంది ఒక పెద్ద మంచుగడ్డను ఓడకి కట్టుకుని లాక్కెళ్లాలి. పద్దెనిమిది రోజుల ప్రయాణం. ఓడలో గాలి రెండు వందల పాళ్లు, మనిషికి రోజుకో పాలు. అందరూ మేలుకుని ఉంటే గాలి చాలదు. కొందరిని చల్లటి గదిలో నిద్రపుచ్చాలి, ఆ నిద్రలో గాలి ఖర్చవదు. ఎక్కువమందిని నిద్రపుచ్చితే రాళ్ల వాన వచ్చినప్పుడు ఓడను కాచుకోవడానికి చేతులు చాలవు.

వదిన నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆరు స్టెన్సిళ్లు కొట్టింది. పత్రిక వెళ్లింది. రెండు వారాలకి ఉత్తరాలు మొదలయ్యాయి.

"పదిహేడో రోజున అందరూ పోతున్నారు," అన్నాడు మరిది, ఉత్తరాల కట్ట బల్ల మీద పడేస్తూ. "ఎలా ఆడినా అంతే. ఇంకొక్క రోజులో గ్రహం చేరతామనగా ఊపిరి ఆగిపోతోంది. నేనూ ఆడాను వదినా. ఎక్కడో ఒక అంకె జారింది."

"ఎక్కడ?"

"అది తెలిస్తే ఇన్ని ఉత్తరాలు ఎందుకొస్తాయి? ఆ ఎల్లూ ఒకటీ గొడవే అయ్యుంటుంది."

"నేను కొట్టాక రెండుసార్లు సరిచూసుకున్నాను."

"అలిసిపోయి ఉంటావు. నిన్నెవరైనా అంటున్నారా ఇప్పుడు?"

ఎవరూ అనలేదు. ఆ నెల పత్రిక మొదటి పేజీలో నాలుగు వరసలు వేయాలని మాత్రం నిర్ణయమైంది: 'గత సంచికలోని ఆటలో టైపు పొరపాటు దొర్లినందుకు చింతిస్తున్నాము. సవరణ త్వరలో.' మరిది రాసిచ్చిన ఆ నాలుగు వరసలనీ స్టెన్సిలు మీద కొట్టవలసింది వదినే. కొట్టింది. 'పొరపాటు' అన్న మాటలో నిజంగానే పొరపాటు పడింది. ఎర్రమందు పూసి, ఊదుతూ కూర్చుంది.

"ఎందుకే అలా ఊదుతావు, పొయ్యి ఊదినట్టు?" అంది అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"నా తప్పు నేనే అచ్చేసుకుంటున్నాను అత్తయ్యా, ఆరాలి కదా."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఆ ఓడేదో మునిగితే మునిగింది. మానెయ్."

మానెయ్యడానికి మనసొప్పలేదు. కోర్టులో పదకొండేళ్లలో ఒక్క కాగితం కూడా వెనక్కి రాలేదు ఆవిడకి. మర్నాడు కెప్టెన్ చేతిరాత కాగితాలూ, అచ్చయిన పత్రికా సంచిలో పెట్టుకుని కోర్టుకి తీసుకెళ్లింది. మధ్యాహ్నం తిండివేళ వరస వరసకీ వేలు పెట్టి పోల్చింది. మూడు రోజులు పట్టింది. ఒక్క అక్షరం తేడా లేదు.

అంటే ఆట ఉన్నదే అలా ఉంది.

ఇక్కడితో వదిలేసినా సరిపోయేది. కానీ మరిది "కాగితంలోనూ అలాగే ఉందా? అయితే సరిగ్గా చూడలేదేమో" అంటాడని ఆవిడకి తెలుసు. ఇంట్లో కంప్యూటరు ముట్టుకోవాలంటే టీవీ ఖాళీ ఉండాలి, టీవీ అత్తగారిది. అందుకని ఆవిడే కంప్యూటరయింది. అగ్గిపెట్టెలోంచి పన్నెండు పుల్లలు తీసి కోర్టు బల్ల మీద పేర్చింది. పక్కన కాగితం మీద రెండు వందలు అని రాసుకుంది. మొదటి వరస చదివి అది చెప్పినట్టు చేసింది. తరవాత రెండోది. మూడేళ్లుగా ఇవే కొడుతున్న మనిషికి ఆ భాష మరీ కొత్తేమీ కాదు. ఇలా అయితే అక్కడికి పో, అలా అయితే ఇక్కడికి రా. దస్తావేజుల్లో 'పైన చెప్పిన సదరు వ్యక్తి' అని వెనక్కి వెళ్లమంటారే, అలాగే.

ఆటలో మూడో రోజున నలుగుర్ని నిద్రపుచ్చింది. నాలుగు పుల్లలు అడ్డంగా పడుకోబెట్టింది. ఆ రోజే రాళ్లు పడి ఇద్దరు పోయారు. రెండు పుల్లలు తీసి అగ్గిపెట్టెలో వేసింది. మేలుకున్న ఆరుగురితో మళ్లీ గాలి లెక్క దగ్గరికొచ్చింది. ఆరువందల నలభయ్యో వరస. 'గాలిలోంచి పన్నెండు తీసెయ్.'

వదిన పుల్లల వంక చూసింది. మేలుకున్నవి ఆరే. ఆ వరస మళ్లీ చదివింది.

పంపకాల దావాల్లో ఇలాంటివి ఆవిడ ఎన్నో చూసింది. పెద్దాయన పోయిన పదేళ్లకి కూడా ఆయన పేరున వాటా రాస్తూనే ఉంటారు, తీసేయడం ఎవరికీ గుర్తుండదు. ఇక్కడా అంతే. నిద్రపోయినవాళ్లూ పీలుస్తున్నారు, చచ్చినవాళ్లూ పీలుస్తున్నారు. పదహారు రోజులు పన్నెండేసి పోతే మిగిలేది ఎనిమిది. పదిహేడో రోజుకి పన్నెండు ఎక్కడినుంచి తెస్తారు?

పక్క బల్ల గుమాస్తా తొంగి చూసి, "ఏమిటమ్మా, పుల్లలాట?" అన్నాడు.

"వీళ్లని చంపింది నేను కాదండీ," అంది వదిన.

మరిదికి చెబితే అతను ఆ వరస మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. నూట ఇరవై మందీ వరసలు మీటల మీద కొట్టారే గాని చదివినవాడు లేడు. టైపు తప్పన్నారు కాబట్టి సవరణ కోసం ఎదురు చూస్తూ కూర్చున్నారు. ఆపైన మరిది తల గోక్కున్నాడు.

"నిజమే వదినా. కానీ కెప్టెన్ అంతటివాడి రాత తప్పని ఎలా వేస్తాం? నొచ్చుకుని ఆటలు పంపడం మానేస్తే? ఆ వరస మార్చి సవరణ వేసేద్దాం. ఎలాగూ టైపు పొరపాటని వేసేశాం కదా."

"వేసేశాం కాదు. వేసేశాను. నా చేత్తో."

మరిది తలొంచుకున్నాడు. ఆ సాయంత్రం వదిన కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేక, కెప్టెన్‌కి ఒక కార్డు రాసి పడేసింది. 'అయ్యా, ఆరువందల నలభై చూడగలరు. చనిపోయినవారు ఊపిరి పీలుస్తున్నారు. టైపిస్టు.'

జవాబు రాలేదు. ఒక ఆదివారం పొద్దున మనిషే వచ్చాడు.

తలుపు తీసిన మరిది ఎదురుగా యాభై దాటిన బక్కపలచటి మనిషి, ఇస్త్రీ లేని ఖాకీ చొక్కా, కళ్ల కింద నల్లటి గుంటలు. "టైపిస్టుగారిల్లు ఇదేనా అండీ? నన్ను కెప్టెన్ అంటారు," అన్నాడు సిగ్గుపడుతూ.

లోపలికొచ్చి కూర్చున్నాక నీళ్లడిగి తాగాడు. అప్పుడు చెప్పాడు. ఆయన విమానాలూ నడపలేదు, ఓడలూ నడపలేదు. ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజుకి పన్నెండు గంటలు. అక్కడి వార్డుబాయిలు సరదాకి కెప్టెన్ అని పిలుస్తారు.

"మరి కంప్యూటరు ఏది వాడతారండీ?" అన్నాడు మరిది.

"నా దగ్గర లేదండి. డాక్టరుగారొకాయన పాత పుస్తకమిచ్చారు, ప్రోగ్రాములు ఎలా రాయాలో. స్టూలు మీద కూర్చుని పాత చీటీల వెనక రాస్తాను. నేను రాసింది కదలగా నేనెప్పుడూ చూడలేదు."

అత్తగారు టీవీ గొంతు కాస్త తగ్గించింది.

"మీ కార్డు చూసి నవ్వొచ్చిందమ్మా," అన్నాడు వదినతో. "నా లిఫ్టులో రాసుంటుంది, పన్నెండు మందికి మించరాదు అని. రోజంతా ఎదురుగా అదే. ఎక్కేవాళ్లని లెక్కపెట్టడమే నా పని. రాసేటప్పుడు మిగిలినవాళ్లు అని రాయవలసిన చోట చెయ్యి పన్నెండే రాసేసింది. మీ పేరున వేశారని చూశాక నిద్ర పట్టలేదు."

"నిద్ర నాకూ లేదులెండి. అది తప్పు వల్ల కాదు, పని వల్ల," అంది వదిన.

ఆ మాటకి ఇద్దరూ కలిసి నవ్వారు, పెద్దగా కాదు. మరిది లేచి టీవీ దగ్గరికెళ్లాడు. "అమ్మా, ఒక్క గంట."

"నా సీరియల్లో పెళ్లి జరుగుతోందిరా!"

"ఈయన తన ఓడని ఎప్పుడూ చూడలేదంట అమ్మా."

అత్తగారు వచ్చినాయన చొక్కా వంకా మొహం వంకా చూసి, "సరే, ఆ పెళ్లి ఎలాగూ ఆగిపోయేదే," అని కుర్చీ వెనక్కి జరుపుకుంది.

క్యాసెట్టు తిరిగింది. నాలుగు నిమిషాలు కీచుమంది. మరిది ఆరువందల నలభై మార్చాడు. తెర మీద నల్లటి ఖాళీలో ఒక చుక్క, దాని వెనక పెద్ద చదరం. అంతే ఓడ, అంతే మంచు. కెప్టెన్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగి చూశాడు. మీటలు నొక్కడం రాలేదు, వదిన చూపించింది. మొదటిసారి తొమ్మిదో రోజున రాళ్లు పడి అందరూ పోయారు. "నేనే రాశాను, నాకే తెలీదు చూడండి," అన్నాడు. రెండోసారి భయపడి చాలామందిని మేలుకోనిచ్చాడు. గాలి అయిపోయింది.

"మధ్యమధ్యలో మనుషుల్ని మార్చి మార్చి పడుకోబెట్టండి," అంది అత్తగారు ఉండబట్టలేక. "ఒకళ్లే ఎంతకాలం మేలుకుంటారు?"

మూడోసారి ఆవిడ చెప్పినట్టే ఆడాడు. పద్దెనిమిదో రోజున చుక్క వెళ్లి తెర అంచున ఆగింది. ఏడుగురు మిగిలారు. కింద ఒక వరస వచ్చింది: 'నీళ్లు చేరాయి. విశ్రాంతి తీసుకోండి.' కెప్టెన్ దాన్ని గట్టిగా చదివాడు. కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఉందని లేచాడు.

వదిన బస్సు దాకా సాగనంపింది.

"పత్రికలో తప్పు నాదేనని రాసిచ్చాను మీ మరిదికి," అన్నాడు దారిలో. "కానీ క్యాసెట్ల మీద ఆ ఆట ఎంతమంది చేతులు మారిందో. పత్రిక చూడనివాళ్లు ఎంతమందో. వాళ్లందరికీ పదిహేడో రోజే."

"మనం ఎంతమందికని చెప్పగలం?"

"అదేనమ్మా. ఏం చెయ్యలేం."

బస్సు వచ్చింది. ఎక్కుతూ ఆయన అలవాటు చొప్పున లోపలున్నవాళ్లని లెక్కపెట్టడం వదిన చూసింది.

ఆ మరుసటి నెల పత్రికలో మొదటి పేజీ మీద కెప్టెన్ ఉత్తరం పడింది. ఆయన ఎవరో, ఏం చేస్తాడో అన్నీ అందులో ఉన్నాయి. దాని కింద మరిది తనంతట తాను వదినకి క్షమాపణ రాశాడు. స్టెన్సిలు మాత్రం వదిననే కొట్టమన్నాడు. "నీకు నువ్వే క్షమాపణ కొట్టుకోవడం బాగుండదు గాని, నాకు టైపు రాదే," అన్నాడు.

"నేర్చుకో," అంది వదిన. ఆ ఒక్క పేజీ అతను రెండు వేళ్లతో రెండు రోజులు కొట్టాడు. నిండా ఎర్రమందే.

దాంతో వదిన పని తగ్గుతుందనుకుంటే పెరిగింది. పుల్లల సంగతి ఎలా పొక్కిందో గాని, ఆట రాసిన ప్రతివాడూ 'వదినగారు ఒకసారి చదివి చెబితే' అని చీటీ జతపరచడం మొదలుపెట్టాడు. కోర్టు నుంచి వచ్చేసరికి బల్ల మీద మూడు కట్టలు ఎదురుచూస్తూ ఉండేవి. ఒక సాయంత్రం వదిన వాటి వంక చూసి, మిషను మీద గుడ్డ కప్పేసింది.

"వచ్చే నెల పత్రిక లేదు," అంది.

"లేకపోతే ఎలా వదినా? జనం..."

"ఒక నెల చదవకపోతే ఎవరూ పోరు. నేను పడుకుంటాను."

మరిది ఇంకేదో అనబోతే అత్తగారు అతని చెయ్యి పట్టుకుని ఆపింది. వదిన లోపలికెళ్లి, మిల్లు నుంచి వచ్చి నిద్రపోతున్న భర్త పక్కన ఒత్తిగిలి పడుకుంది. మర్నాడు ఆదివారం, ఎండ కిటికీ దాటి మంచం మీదకొచ్చినా లేవలేదు. ఎవరూ లేపలేదు.