మ్యాపులో చిల్లు

పొక్లెయిన్ తొండం మట్టిలోంచి పైకి లేచేసరికి దాని పళ్ళకి ఒక ఆకుపచ్చ గుడ్డ వేలాడుతోంది.

క్వారీ పనికి వస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆ గుడ్డ ఏమిటో డ్రిల్లరు మామకి తెలుసు. తండ్రిని పూడ్చేటప్పుడు తన చేతులతో తానే కప్పిన దుప్పటి. చేతిలోని అన్నం డబ్బా పడేసి ఆయన మిషన్‌కి అడ్డంగా పరిగెత్తాడు.

"ఆపరా! ఆపు! అది మా నాన్న!"

మిషన్ ఆగింది. సర్వేయరు తాపీగా వచ్చి చేతిలోని ట్యాబ్ అందరికీ తిప్పి చూపించాడు. అందులో కొండ ఉంది, క్వారీ గొయ్యి ఉంది, మధ్యలో లేత పసుపు రంగు ముక్క ఒకటి ఉంది.

"చూసుకోండి. పసుపంటే ఖాళీ జాగా. ఇక్కడ ఏమీ లేదు. రేపోమాపో లీజు కూడా వచ్చేస్తుంది. క్వారీ కాంట్రాక్టరు చదును చేసుకుంటున్నాడు, మీకేం నొప్పి?"

"ఏమీ లేకపోవడమేంటి బాబూ?" గుంపులోంచి, క్వారీలో రాళ్ళు మోసే అమ్మ ముందుకొచ్చింది. "ఆ మూల నా బిడ్డ ఉంది. తలవైపు మూడు రాళ్ళు పెట్టుకున్నాను. రా, చూపిస్తా."

"మ్యాపులో లేదమ్మా. నేనేం చెయ్యను?"

విన్నారా, మ్యాపులో లేదట! బతికున్నన్నాళ్ళూ ఏ రికార్డులోనూ లేని మనిషికి చచ్చాక కూడా చోటు లేదు.

అమ్మ చుట్టూ చూసి, గుంపు చివర ఆఫీసు సంచీతో నిలబడ్డ పెద్ద కూతుర్ని పట్టుకుంది. "పెద్దదానా, నువ్వు గీసేది ఇలాంటి బొమ్మలే కదే? ఆయనకి చెప్పవే."

పెద్దది ట్యాబ్‌లోకి తొంగి చూసింది. చెల్లెలు చిన్నదాన్ని ఆ మూల పూడ్చినప్పుడు చివరి పిడికెడు మట్టి వేసింది తనే. నాలుగేళ్ళ పిల్ల, రాతి దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతోనే పోయింది. ఆ పసుపు రంగు కూడా పెద్దదానికి బాగా తెలుసు. రోజంతా తను కంప్యూటర్లో పూసే రంగే అది.

దేశం మొత్తాన్ని పైనుంచి ఫోటోలు తీయించి, ఎక్కడ ఏముందో అంగుళం వదలకుండా గీయిస్తోంది ప్రభుత్వం. గీసేది మాత్రం ఓ కాంట్రాక్టు కంపెనీ మూడో అంతస్తులో, కిటికీలు మూసిన గదిలో, రోజుకూలీ ఆడపిల్లలు. ఫోటోలో కనిపించినదాని అంచు వెంబడి చుక్క చుక్క పెట్టుకుంటూ వెళ్ళి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ముడి వెయ్యాలి. తర్వాత రంగు నింపాలి. నీడ ఉంటే కట్టడం. నీడ లేక, ఏమిటో పోల్చుకోలేకపోతే పసుపు. ఫోటోలు తీసేదేమో నడినెత్తిన ఎండలో. మోకాలెత్తు మట్టి కుప్పకి ఆ వేళ నీడెక్కడిది?

ఆ పూట ఆఫీసులో పెద్దది, ఆఖరి తనిఖీకి తిరిగొచ్చిన కొండ మ్యాపు షీటు తెరిచి అందరినీ పిలిచింది.

"ఇది ఎవరు గీశారే?" అంది. పక్క సీటు పిల్ల, అందరూ కళ్ళజోడు అని పిలిచేది, ముందుకి వంగి చూసింది. దానికి నోరు ఊరుకోదు. "నేనో, నువ్వో, పోయినేడు మానేసిన పిల్లో. ఎవరైనా అదే రంగు వేసేవాళ్ళం. రూలు అదేగా."

"రూలు మార్చమని అడుగుదాం," అంది పెద్దది.

సూపర్‌వైజరు నవ్వేశాడు. "దేశాన్ని గీస్తున్నామమ్మా మనం. మీ గుంతల కోసం షీటు ఆపమంటావా? సాయంత్రానికి పంపెయ్."

షీటులో వెంట్రుకంత చోటు వదిలినా కంప్యూటర్ తీసుకోదు. తప్పో ఒప్పో, ప్రతి అంగుళంలోనూ ఏదో ఒకటి నింపాల్సిందే. పెద్దది ఆ పసుపు ముక్క మీద నొక్కి, చెరిపేసింది. కొండ నడుమ నల్లగా చిల్లు పడింది. సూపర్‌వైజరుకి సరే అనడం, తిప్పి పంపడం తప్ప గీసే వీలు లేదు. కళ్ళజోడుకి పురమాయించాడు. "నాకు చెయ్యి నొప్పండీ," అంది కళ్ళజోడు. ఆ పూట విచిత్రంగా గదిలో అందరికీ చేతి నొప్పులు పుట్టాయి.

సాయంత్రం, క్వారీలో రాళ్ళు పొడిచేసే క్రషర్ షెడ్డులో మీటింగు. గీసే పిల్లలు కూడా వచ్చి, రాతి దుమ్ములో చెప్పులు కూరుకుపోతుంటే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు.

"మిషన్ తగలబెడదాం!" అన్నాడు రాయి చీల్చే గూటాలు కొట్టే కుర్రాడు.

"ఇంకోటి తెస్తాడు," అన్నాడు డ్రిల్లరు మామ. "వాడికి మిషన్లకేం కరువు?"

"అర్జీ పెడదాం," అన్నారు ఇంకెవరో.

"చిల్లు మూసి షీటు పంపేదాకా లీజు రాదు," అంది పెద్దది. "కొత్తగా ఫోటోలు తియ్యమని పట్టుపడదాం. మేం మౌస్ కదపం, మీరు పలుగు ఎత్తకండి."

అమ్మ కూతురి వైపు తిరిగింది. "పైనుంచి చూసేవాడి కంటికి ఆనాలంటే ఏం కావాలే?"

"నీడైనా ఉండాలమ్మా, రంగైనా ఉండాలి. మట్టి మీద మట్టి ఏం ఆనుతుంది?"

అమ్మ రాతి దుమ్ముతో తెల్లబడ్డ తన అరచేతులు చూసుకుంది. "రంగు మనకి కరువా? ఊపిరితిత్తుల నిండా అదేగా."

క్వారీ ఆగింది, గది ఆగింది. గత్యంతరం లేక పైవాళ్ళు డ్రోన్ పంపిస్తామన్నారు. జనం తట్టలకొద్దీ రాతి పొడి మోశారు. ప్రతి సమాధి చుట్టూ తెల్లగా గీత పోశారు. ఆఫీసు పిల్లలు కూడా వంగి పోశారు. వాళ్ళకి గీయడం అలవాటే కదా.

చిన్నదాని దగ్గర అమ్మ గొంతుక్కూర్చుని మూడు రాళ్ళకీ పొడి రుద్దింది. "దీనికి పౌడరు రాయాలంటే ఇల్లు పీకి పందిరేసేది. ఇవాళ చూడవే, కిక్కురుమనకుండా రాయించుకుంటోంది," అని నవ్వబోయింది. ఆ నవ్వు చూడలేక పెద్దది మొహం తిప్పుకుంది.

డ్రోన్ వస్తుందన్న రోజు దానికంటే ముందు పొక్లెయిన్ వచ్చింది. వెనకే జీపులో కాంట్రాక్టరు తమ్ముడు, ఇద్దరు పోలీసులు. గీతలు చెరిగిపోతే ఫోటో మళ్ళీ పసుపే. ఆడవాళ్ళు వెళ్ళి ఎవరి సమాధి మీద వాళ్ళు పడుకున్నారు. డ్రైవరు ఇంజన్ ఆపి కిందికి దిగిపోయాడు.

"నావల్ల కాదు సార్. మనుషులున్నారు."

"నువ్వు కాకపోతే నేను," అంటూ కాంట్రాక్టరు తమ్ముడు పైకెక్కాడు. వాడికి మిషన్ తోలడం సరిగ్గా రాదు. తొండం ఎటు తిరుగుతుందో వాడికే తెలీదు. అది గిర్రున తిరిగి, లేవబోతున్న అమ్మని కొట్టింది.

పెద్దది పరిగెత్తి తల ఒళ్ళోకి తీసుకుంది. అమ్మ ఏదో అడగబోయి, మూడు రాళ్ళ వైపు చూసింది. అవి అలాగే ఉన్నాయి. అది చూసుకున్నాకే కళ్ళు నిలిచిపోయాయి.

పోలీసులు "ప్రమాదం" అని రాసుకున్నారు. డ్రోన్ ఆ రోజు రాలేదు. పోస్టుమార్టం అయ్యి, అమ్మని చిన్నదాని పక్కన పూడుస్తున్న మధ్యాహ్నం వచ్చింది. క్వారీ మొత్తం అక్కడే ఉంది. నెత్తి మీద జుమ్మంటున్నా ఎవరూ తలెత్తలేదు.

మర్నాడు ఆ ఫోటో పెద్దదాని ముందుకే వచ్చింది. తెల్లటి గీతలు వరసలు వరసలుగా, స్పష్టంగా ఉన్నాయి. మూలన తడి మట్టితో కొత్త కుప్ప ఒకటి ఉంది. చుట్టూ చుక్కల్లా జనం. తలవైపు నిలబడ్డ చుక్క తనే అని పోల్చుకుంది. పైనుంచి తీస్తే ఏడుపు పడదు.

"ఖాళీ అని పెట్టెయ్. పైనుంచి ఫోనొచ్చింది," అన్నాడు సూపర్‌వైజరు. గుమ్మంలో ఇద్దరు పోలీసులు నిలబడ్డారు. పని ఆపించిందని, జనాన్ని రెచ్చగొట్టిందని పెద్దదాని మీద కేసు.

పెద్దది మౌస్ పట్టుకుంది. అంచు వెంబడి చుక్క పెట్టింది, ఇంకో చుక్క పెట్టింది. కళ్ళలో నీళ్ళు నిండి తెర అలుక్కుపోతే చున్నీతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. డ్రిల్లరు మామ నాన్న, చిన్నది, అమ్మ, అందరినీ లోపలికి తీసుకుని మొదటి చుక్క దగ్గరికొచ్చి ముడి వేసింది. శ్మశానం రంగు నింపి, తనే లేచి నిలబడింది.

పోలీసుల మధ్య మెట్లు దిగుతుంటే వెనక సూపర్‌వైజరు కేక వినిపించింది. "కళ్ళజోడూ, నువ్వు కూర్చో. అది చెరిపి పసుపు పెట్టు."

కుర్చీ జరిగిన చప్పుడు.

"ఏంటి చేతులు కట్టుకుని కూర్చున్నావ్? లే! నువ్వు రా!"

మళ్ళీ కుర్చీ జరిగింది.

"నువ్వు! నువ్వైనా రా!"

పోలీసు వీపు మీద చెయ్యేసి తోశాడు. పెద్దది రెయిలింగు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. పైన ఇంకో కుర్చీ జరిగింది.