పుట్టీ కింద చిల్లు

రోల్ బార్ బరువుగా ఉంది.

అక్క దాన్ని ఒంటి చేత్తో కొక్కెం మీంచి తీయబోయింది. రాలేదు. రెండో చెయ్యి వేస్తే గాని కదల్లేదు. అది పళ్ళ డాక్టరు కారుకి బిగించాల్సింది. ఒంటి చేత్తో రావాలి.

"ఏమైందక్కా? రంగు కుదర్లేదా?" అన్నాడు స్టూలు మీద కూర్చున్న డాక్టరు. వయసులో ఆమెకన్నా పెద్దవాడే. అయినా కార్ల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆమె అక్కే.

పైకప్పు మడిచేసే రెండు సీట్ల చిన్న కార్లకి హంగులు చేయడం ఆ వర్క్‌షాపు పని. అలాంటి కారు బోల్తా పడితే తలకీ రోడ్డుకీ మధ్య అడ్డం నిలిచేది సీట్ల వెనక వంపు తిరిగి ఉండే ఈ పైపొక్కటే. పందేలకి వెళ్ళేవాళ్ళకి అక్క దళసరి పైపుతో చేస్తుంది. డాక్టరులాంటి వాళ్ళకి చెక్క గేరు నాబూ మెరిసే అద్దాలూ బిగించినట్టే, అందం కోసం పల్చటి పైపుతో చేస్తుంది. రెండూ ఒకే అచ్చులో వంగుతాయి. రెండిటికీ అదే నలుపు.

తేడా తెలియాలని అక్క ఒక పద్ధతి పెట్టుకుంది. అసలుదానికి అడుగున చిన్న చిల్లు వేస్తుంది. అందులోంచి పైపు మందం కొలవచ్చు. చిల్లుంటే ప్రాణానికి, లేకపోతే ఫొటోకి.

ఈసారి అసలుది చేసింది తమ్ముడి కోసం. చిన్నోడు దాన్ని బిగించుకుని పొద్దున్నే కొండ రోడ్డు పందేనికి వెళ్ళిపోయాడు.

అక్క చేతిలోని బార్‌ని తిరగేసింది. చిల్లు లేదు. తాళంచెవితో గీకింది. నలుపు పెచ్చులుగా లేచింది. దాని కింద బూడిదరంగు పుట్టీ పొడిగా రాలింది. పుట్టీ కింద చిల్లు బయటపడింది.

"ఏమండీ!"

రంగుల గదిలోంచి ఆమె భర్త మాస్కు దించుకుంటూ వచ్చాడు. ఆ షాపుకి పెయింటర్ ఆయనే.

"ఈ చిల్లు ఎవరు పూడ్చారు?"

"నేనే. ఏం?" అన్నాడు కాస్త గర్వంగా. "అద్దంలాంటి నలుపు వేసి, మధ్యలో మొటిమ వదిలేస్తానా? వేలు పెట్టి తడిమినా తెలీకుండా పూడ్చాను చూడు."

"తెలీలేదు. అందుకే చిన్నోడు డమ్మీ పట్టుకుపోయాడు."

"బరువు చూసుకుని ఉంటాడులే" అన్నాడు పెయింటర్.

"ఎవరు మోశారని? మీరు గొలుసుతో ట్రాలీ మీదకి దింపారు. వాడు ట్రాలీ మీంచి కార్లోకి తోశాడు. కొంప ముంచారు కదండీ!"

ఆమె ఫోన్ తీసి చిన్నోడికి చేసింది. పక్కనే, స్పానర్ల మధ్య, ఛార్జింగుకి పెట్టిన ఫోన్ మోగింది. మరిచిపోయి వెళ్ళాడు.

డాక్టరు తన కారు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "వేగంగా నడపడం నా వల్ల కాదక్కా. మీరు వెళ్ళండి. గీత పడినా పర్లేదు."

రెండే సీట్లు. పెయింటర్ బ్యాటరీ డ్రిల్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పైకప్పు వేసే తీరిక లేదు. గాలి చెవుల్లో హోరెత్తుతుంటే అక్క లారీల పక్కనుంచి, బస్సుల ముందునుంచి కారుని దూర్చేసింది.

"నీ వెనక కూడా బార్ లేదే" అన్నాడు భర్త.

"తెలుసు. నోరు మూసుకుని గట్టిగా పట్టుకోండి."

కొండ మొదట్లో తాళ్ళు కట్టారు. తాళ్ళ వెనక జనం. కార్లను ఒక్కొక్కటిగా పైకి వదులుతున్నారు. తనిఖీ చేసే పెద్దాయన అక్కని చూసి చెయ్యూపాడు.

"చిన్నోడి కారు చూశారా?" అంది ఆమె పరుగు ఆపకుండానే.

"చూశానమ్మా. చిల్లేదీ అనడిగితే, రంగు కింద ఉంటుంది, మా అక్క చేసిందన్నాడు. నీ చేతి వెల్డింగయ్యాక ఇంకేం చూస్తాను? పంపించేశాను."

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. తన పేరే వాణ్ణి పందెం గీత దగ్గరికి చేర్చింది.

ఎర్ర కారు ముందు చక్రాలు తెల్ల గీత మీద ఉన్నాయి. జెండా పట్టుకున్న మనిషి చెయ్యెత్తుతున్నాడు. అక్క తాడు కింద నుంచి దూరి బానెట్‌కి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

చిన్నోడు హెల్మెట్ అద్దం పైకి లేపాడు. "అక్కా! ఇంట్లో తిట్టింది చాల్లేదా? ఇక్కడ కూడా మొదలెట్టావా?"

"దిగరా."

"అందరూ చూస్తున్నారే! పరువు తీయకు."

"పోయేది నీ పరువు కాదు. దిగుతావా, చిల్లు నీకే వెయ్యమంటావా?"

జనం నవ్వారు. చిన్నోడు ముఖం మాడ్చుకుని దిగాడు. "చూడు బావా, నీ పెళ్ళాం!" అన్నాడు. బావ తలెత్తలేదు. చిన్నోడికి మొదటిసారి అనుమానం తగిలింది.

అక్క సీటు వెనక మోకరిల్లి డ్రిల్లు ఆనించింది. దళసరి పైపయితే మూలుగుతుంది, పొగలొస్తాయి, ఉక్కు చుట్టలు చుట్టలుగా రాలుతుంది. ఇది టక్కుమంది, రేకు డబ్బాలా. డ్రిల్లు మొన లోపలికి దిగబడిపోయింది.

నవ్వులు ఆగిపోయాయి. "అది అక్క చేసిన బారేనా?" అన్నారెవరో వెనకనుంచి.

ఆమె లేచి నిలబడింది. అందరికీ వినబడేలా, "నేను చేసిందే" అంది. "ఇది అలంకారానికి చేసిన డమ్మీ. పొరపాటు మా షాపులోనే జరిగింది."

చిన్నోడు బార్ మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. "పొద్దున ప్రాక్టీసుకి పైదాకా వెళ్ళొచ్చానక్కా. రెండో మలుపులో వెనక చక్రం గాల్లోకి లేచింది. అయినా భయం వెయ్యలేదు. వెనక నీ బార్ ఉందనుకున్నా."

అక్క వాడి భుజం పట్టుకుంది. అలా పట్టుకునే, వాడి వెనకాల వంతు కోసం ఆగి ఉన్న కార్లని చూసింది. పచ్చది, పసుపుది, నీలంది. ప్రతి సీటు వెనకా అద్దంలాంటి నలుపు. ఎవరి చేతిపనో దూరం నుంచే తెలుస్తోంది.

"ఏమండీ" అంది మెల్లిగా. "చిల్లులు ఎప్పట్నుంచి పూడుస్తున్నారు?"

పెయింటర్ గోళ్ళకంటిన నలుపుని గీక్కున్నాడు. "కిందటి వానలప్పట్నుంచి."

"అన్నిటికీనా?"

ఆయన తలూపాడు.

అక్క తనిఖీ పెద్దాయన వైపు తిరిగింది. "పందెం ఆపించండి. నా బార్లన్నీ చిల్లు వేసి చూడాలి."

ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఇంతమంది ముందా? రేపటి నుంచి నీ గుమ్మం తొక్కేదెవరు?"

ఆమె డ్రిల్లు పట్టుకుని పచ్చ కారు దగ్గరికి నడిచింది. అందులో కుర్ర జంట. డ్రైవరు పక్కసీట్లోని భార్య హెల్మెట్ పట్టీ బిగిస్తున్నాడు. అక్కని చూసి చల్లగా నవ్వాడు.

"మా గురించి బెంగ పడకండక్కా. మాది మీరు చేసిందే."

అక్క మోకాళ్ళ మీద కూర్చుని డ్రిల్లు ఆనించింది.