నూటికి నూరు

హవల్దారు వీరరాఘవులు పద్దెనిమిదేళ్ళ సర్వీసులో పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాడు. ఎందుకని అడగలేదు. ఆ రోజూ అంతే చేశాడు.

ఢిల్లీ కంటోన్మెంటు దగ్గరి స్కూల్లో ప్రిన్సిపాలమ్మ హిందీ కాగితం ముందుకు తోసింది. అతనిది బారక్‌లో నేర్చిన హిందీ. మాట్లాడతాడు, చదవలేడు. నిలబడే సంతకం పెట్టి, నకలు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

కూతురు ఉమారాణి పదో తరగతి. నిరుడు సికింద్రాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన పిల్ల. బోర్డు పరీక్షకి ముందు స్కూలే పెట్టే ప్రీబోర్డులో హిందీ తప్పింది. కాగితం మీద వేలు పెట్టి చదివింది.

"నాన్నా, నన్ను బోర్డు పరీక్ష మాన్పిస్తున్నావా? నీ ఇష్టంతోనే అని రాసుంది."

"నేనెక్కడ రాశానే?"

"సంతకం ఎవరిదండీ మరి?" అంది తల్లి కస్తూరి. "రేపు ఉరికంబం కాగితమిచ్చినా పెట్టేస్తారా?"

పరీక్ష ఇంకా ఎనిమిది రోజులు. అడ్మిట్ కార్డు, అంటే హాల్‌టికెట్టు, బోర్డు నుంచి వచ్చి ప్రిన్సిపాలమ్మ సొరుగులో కూర్చుంది. బోర్డు హాజరు అడుగుతుంది, ఫీజు అడుగుతుంది. ప్రీబోర్డు మార్కులు అడగదు. అడిగేది స్కూలు! తప్పేలా ఉన్న పిల్లల్ని ముందే ఏరి పారేస్తే పాస్ శాతం మెరుస్తుంది.

మర్నాడు తండ్రీకూతుళ్ళు ప్రిన్సిపాలమ్మ గదికి వెళ్ళారు.

"హవల్దార్ సాబ్, మీ మంచికే. పిల్లకి హిందీ రాదు" అందావిడ.

ఉమారాణి నకలు తీసి, పైనుంచి కిందదాకా హిందీలో చదివింది. మూల బల్ల దగ్గర గుమాస్తా టైపు కొట్టడం ఆపాడు.

"తప్పు చదివానా మేడమ్?"

"లేదు."

"చదవడం రాని నాన్న చేత సంతకం పెట్టించారు. చదవడం వచ్చిన నన్ను పరీక్ష రాయొద్దంటున్నారు."

వీరరాఘవులు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. "కార్డు ఇస్తేనే లేస్తా."

సాయంత్రం నాలుగుకి ఆవిడ సొరుగు లాగింది. రబ్బరు బ్యాండేసిన కట్టలోంచి ఒక కార్డు తీసి బల్లమీద పడేసింది.

"మిగతావి?" అంది ఉమారాణి.

"వాళ్ళ నాన్నలు ఎవరూ అడగలేదు."

పరీక్ష హాల్లో ఆరు బల్లలు ఖాళీ. ఉమారాణికి హిందీలో ముప్ఫైనాలుగు వచ్చాయి; ఆ బోర్డుకి ముప్ఫైమూడు చాలు, గట్టెక్కింది. ఫలితాల రోజు స్కూలు గేటుకి బ్యానరు కట్టారు: 'నూటికి నూరు మంది పాస్.'

ఉమారాణి నోట్సులో కాగితం చింపి, ఆ ఆరుగురి పేర్లూ వాళ్ళని ఎలా మాన్పించారో హిందీలో రాసి, బ్యానరు కింద అంటించబోయింది.

"ఆగు" అన్నాడు వీరరాఘవులు. "ముందు చదివి వినిపించు."

చదివించుకుని, పెన్ను తీసుకుని, కింద సంతకం పెట్టాడు.