సౌనాలో ఊడిన పట్టీలు

తైస్తో చలికాలమంతా గడ్డకట్టిన సరస్సుకి కన్నం కొట్టుకుని, పొద్దున్నే అందులో మునిగేవాడు. ఆయన దిగితే నీళ్లే వణికేవి. ఒకసారి అడవిలో ఎలుగుబంటి ఎదురైతే అదే పక్కకి తప్పుకుని, ఇంటికెళ్లి రెండ్రోజులు తిండి మానేసిందట. అలాంటి మనిషికి లోకంలో ఒక్కటంటేనే భయం. సూది.

సైన్యంలో చేరిన కొత్తలో కుర్రాళ్లందరినీ వరసలో నిలబెట్టి సూదులు వేస్తుంటే, తన వంతు రాకముందే నరికిన మానులా కూలిపడ్డాడు. పడుతూ పడుతూ ముందున్నవాళ్లనీ, ఒక సార్జెంటునీ, మందుల బల్లనీ కూడా తీసుకుపోయాడు.

ఇప్పుడు కూతురు విల్యకి ఆడపిల్ల పుట్టింది. విల్య ఫోనులో ముందే తేల్చి చెప్పింది. కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు, ఈ మూడింటికీ కలిపి వేసే బూస్టర్ సూది వేయించుకోనివాళ్లు పాపని ముట్టుకోవడానికి వీల్లేదు. పాపకి ఇంకా టీకాలు మొదలుపెట్టలేదు. పెద్దవాళ్లు మామూలు దగ్గే అనుకునేది దాని ఊపిరి ఆపేయగలదు.

తైస్తో ఆరోగ్యకేంద్రం దాకా వెళ్లాడు. నర్సు పేరు పిలిచింది. ఆయన లేచి, మర్యాదగా తలూపి, అలాగే బయటికి నడిచి, మందుల షాపులో, సూది వేసినచోట అంటించే పట్టీ కొనుక్కుని తన చేతికి తనే అంటించుకున్నాడు. నొప్పి పుట్టిందని దారిలో రెండుసార్లు మూలిగాడు కూడా.

ఆ ఆదివారం పాదిరి ఇంటికే వచ్చి పాపకి బాప్తిస్మం ఇస్తాడు. పేరు అప్పటిదాకా తల్లిదండ్రుల మధ్యే ఉంటుంది. అందాకా అది ఉత్త 'బుడ్డది'. ఆ నీళ్లు చల్లేటప్పుడు పాపని ఎత్తుకునేది తైస్తో. ఫోటోకి ఎత్తుకునేది అవతలి తాత, విల్య మామగారు ఐనారి.

శనివారం మధ్యాహ్నం తాతలిద్దరూ దిగారు. విల్య ఇద్దరి చేతుల మీదా పట్టీలు చూసి తృప్తిపడింది. ముందు పెరట్లో సౌనా ఉంది, ఆ ఆవిరిగదిలో ఒళ్లు కాచుకుని శుభ్రంగా రండి, తర్వాత ఎత్తుకుందురుగాని అని పంపింది.

మనిషి ఎక్కడైనా ఏదైనా దాచగలడు గాని, సౌనాలో దాచడానికి చొక్కా ఉండదు. ఆ సంగతి తైస్తోకి బట్టలన్నీ విప్పాక తట్టింది. పై బల్ల మీద కూర్చుని, ఆవిరిలో ఒంటికి తట్టుకునే బర్చ్ చెట్టు రెమ్మల కట్ట చేతికి అడ్డం పెట్టుకుని, చూపులకి కూర్చున్న పెళ్లికూతురిలా ముడుచుకుపోయాడు. ఐనారి పొయ్యి మీద కాగుతున్న రాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆవిరి భగ్గుమంది. ఆ వేడికి గోడల్లోని మేకులు కూడా అరంగుళం బయటికొచ్చి చూశాయి.

కాసేపటికి ఐనారి మెల్లిగా అన్నాడు. "బావగారూ, మీ పట్టీ జారింది."

తైస్తో కింద పడ్డ పట్టీ వైపు చూడలేదు. ఐనారి చెయ్యి వైపు చూశాడు.

"మీదీ ఊడింది బావగారూ."

రెండు చేతుల మీదా దోమ కుట్టిన గుర్తు కూడా లేదు. ఇద్దరూ మళ్లీ మాట్లాడలేదు. సౌనాలో మాట్లాడకుండా కూర్చోవడం వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టి అది ఎబ్బెట్టుగా కూడా లేదు. రేపు పాపని ఎత్తుకోవచ్చు, ఎవరికీ తెలియదు, అనుకున్నాడు తైస్తో. ఎదుటివాడూ అదే అనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

అప్పుడు ఐనారి దగ్గాడు. ఒకటి, ఇంకొకటి, ఆగకుండా ఇంకొన్ని. ఆఖర్న ఊపిరి లోపలికి లాక్కుంటే, గొంతులోంచి కూతలా వచ్చింది.

అంత ఆవిరిలోనూ తైస్తో ఒళ్లు చల్లబడిపోయింది. ఆ కూత ఆయనకి తెలుసు. చిన్నప్పుడు అమ్మ ఒకే ఒక్కసారి ఆ చప్పుడు చేసి చూపించింది. అమ్మకి ఒక చెల్లెలు ఉండేదట, ఉయ్యాలలో పాప. కోరింత దగ్గుతో అలా కూతపెట్టి కూతపెట్టి, ఒక ఉదయం పెట్టడం మానేసింది. బాప్తిస్మం ఇంకా కాలేదు. కాబట్టి సమాధి రాతి మీద చెక్కడానికి పేరు కూడా లేదు. అమ్మ ముసలిదయ్యేదాకా దాన్ని 'ఆ బుడ్డది' అనే అంటూ పోయింది.

"ఈ దగ్గు ఎప్పటినుంచి?"

"వారమవుతోంది. చలిగాలే అనుకున్నా బావగారూ." ఐనారి బల్ల దిగాడు. "మనం లోపలికి వెళ్లొద్దు."

తువ్వాళ్లు చుట్టుకుని మంచులోకి వచ్చారు. కిటికీ వెనక విల్య పాపని ఎత్తుకుని ఎదురుచూస్తోంది. తైస్తో దూరంగా ఆగిపోయి, ఊడిన పట్టీ పైకెత్తి చూపించాడు. విల్య కిటికీ కాస్త తెరిచింది.

"వేయించుకోలేదమ్మా. ఇద్దరం. బావగారికి దగ్గు కూడా ఉంది. మమ్మల్ని రానివ్వకు."

ఆమె తిట్టలేదు. పాప ముఖం తన భుజానికి తిప్పుకుంది. "నేను చూడకుండా పాపని తాకారా నాన్నా?"

"లేదు."

"దేవుడా," అని కిటికీ మూసేసింది. ఆ మూసిన చప్పుడు ఆయనకి సరస్సు అవతల కూడా వినబడి ఉంటుందనిపించింది.

ఆదివారం బాప్తిస్మాన్ని ఇద్దరూ పెరట్లోంచే చూశారు. మూడు పొరల అద్దం వెనక పాదిరి నోరు కదిలింది, అందరూ నవ్వారు, పేరు మాత్రం బయటికి రాలేదు. ఊరంతటికీ, ఊళ్లోని కాకులకీ పేరు తెలిసింది, తాతలిద్దరికి తప్ప. సూది వేయించుకుని ఫోను చేస్తేనే చెప్తానంది విల్య.

సోమవారం ఆరోగ్యకేంద్రంలో నర్సు ఐనారి గొంతులోంచి నమూనా తీసుకుని, ఫలితం వచ్చేదాకా ఇల్లు కదలొద్దంది. సూది వేశాక కూడా మందు పనిచేయడానికి రెండు వారాలు పడుతుందనీ, అందాకా పాప దగ్గరికి వెళ్లొద్దనీ ఇద్దరికీ చెప్పింది. తర్వాత తైస్తో చొక్కా చేయి మడిచింది. ఆయనకి గోడలు తిరుగుతున్నాయి. ఆయన ధ్యాస మళ్లిద్దామని నర్సు నవ్వింది.

"మీ మనవరాలికి ఎంత మంచి పేరు పెట్టారండీ, నిన్న మా చెల్లెలు చెప్పింది..."

తైస్తో బిత్తరపోయాడు. "చెప్పకండి," అంటూ రెండు చెవులూ మూసుకోబోయాడు. "అది మా అమ్మాయి చెప్పాలి."

"ఈ చెయ్యి దించండి తాతగారూ."

ఒక చెవే మూసుకుని, రెండో చెవిలో ఆ పేరు ఎక్కడ పడుతుందోనని గట్టిగా పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం మధ్యలో నర్సు దూది నొక్కిపట్టింది.

"అయిపోయింది."

ఆయన నమ్మలేదు. చేయి చూసుకున్నాడు. చిన్న ఎర్రచుక్క. పడిపోలేదు, సార్జెంటూ క్షేమం. ఫోను తీసి విల్యకి చేశాడు.

"నిజంగానా నాన్నా?"

"పట్టీ కింద గుర్తుందమ్మా. కావాలంటే నర్సుని అడుగు."

అవతల కాసేపు ఊపిరి చప్పుడే. పాపది, తేలికగా, కూత లేకుండా. తైస్తో దాన్ని చెవొగ్గి విన్నాడు.

"హిల్లా," అంది విల్య.